చివరి స్కోరు ఎవరిది?

హెల్మర్‌లో మంచు తోసే బండి ఒక్కటే ఉండేది. ఊరు మాత్రం రెండు రాష్ట్రాలలో ఉండేది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివినవారికి మా ఊరి ఫుట్‌బాల్ వ్యవహారం సగం బోధపడినట్లే.

ఆల్బర్టాకూ సస్కాచువాన్‌కూ నడుమ ఉన్న సరిహద్దు మా ఆటమైదానాన్ని సరిగ్గా మధ్యగీత మీదుగా కోసుకుంటూ పోతుంది. గీతకు పడమర ఆల్బర్టా, తూర్పున సస్కాచువాన్. బండిని ఇరుపక్షాలవారూ చందాలు వేసుకుని కొన్నారు. కొన్న తరువాత, తుఫాను వెలిసిన ఉదయం అది ముందుగా ఎటు వెళ్ళాలన్న ప్రశ్న తలెత్తింది. అటు ఊడ్చి ఇటు వచ్చేసరికి ఒక పగలు గడిచిపోతుంది. ఈలోగా గాలి తన పని తాను చేసుకుపోతుంది. కనుక రెండవవారికి ఆ చలికాలమంతా, బండి వచ్చేదాకా పారలే గతి. పెద్దలు ఆలోచించి ఒక పద్ధతి పెట్టారు. ఏటా కోతలు ముగిశాక తూర్పు జట్టుకూ పడమర జట్టుకూ ఒక ఆట. ఆటనాడు బండిని మైదానం పక్కన సరిహద్దు రాయి దగ్గర నిలుపుతారు. గెలిచిన జట్టు కెప్టెన్ దానిని తన వైపుకు నడుపుకుపోతాడు. ఆ చలికాలం మొదటి ఊడ్పు ఆ వైపుకే. ఆట ముగిసేవరకు బండి కదలరాదు.

ఆ పద్ధతిని కాపాడడానికి నిబంధనల సంఘం ఒకటి ఉండేది. ఊరి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నాటి నుండి దానికి నేను అధ్యక్షుడిని. ఏ ఒక్క నిబంధననూ నా హయాంలో ఎవరూ ఉల్లంఘించలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ సంవత్సరం పడమర జట్టు కెప్టెన్ కెల్విన్ యారెమ్కో. అతనికి ఆట మీద మోజు ఎంతో చెప్పలేను గానీ, బండి మీద ఉన్నది మాత్రం ప్రాణసంకటమైన ఆశ. అతని ఇల్లు పడమటి దారిలో చిట్టచివరిది, ధాన్యపు గోదాములు దాటిన తరువాత. గత చలికాలంలో ఆ దారి మూసుకుపోయి, దంపతులిద్దరూ వారమంతా డబ్బాలలోని బఠానీలతో కాలక్షేపం చేశారు. ఇప్పుడు అతని భార్య డార్లీన్ నిండు గర్భిణి. జనవరి నడుమ ప్రసవమని వైద్యుడు చెప్పాడు. ఆసుపత్రి పెద్దరోడ్డు మీద ముప్పై మైళ్ళ దూరంలో ఉంది. పెద్దరోడ్డును ప్రభుత్వం ఊడుస్తుంది. ఇంటి నుండి పెద్దరోడ్డు దాకా ఊడ్చే దిక్కు మా బండే.

తూర్పు జట్టు కెప్టెన్ అల్విన్ సోర్గార్డ్. అతడు డార్లీన్‌కు తోడబుట్టిన అన్న. ఆటకు ముందు బావమరుదులిద్దరూ సరిహద్దు రాయి మీద చెరో కాలూ ఆనించి మాట్లాడుకోవడం నేను స్వయంగా విన్నాను.

"బావా, ఈ ఒక్క ఏడూ ఓడిపోరాదూ? పుణ్యముంటుంది. నా కోసం కాదు, నీ చెల్లెలి కోసం."

"పిల్లనిచ్చిన పాపానికి బండి కూడా ఇచ్చుకోవాలట్రా? బాగుందే వరస!"

"అంతేలే. మేనకోడలో మేనల్లుడో మంచులో పుడితే అప్పుడొచ్చి చూసిపో."

"గెలిచి తీసుకో, ఎవడొద్దన్నాడు? నీ పరుగు చూస్తే మా ఆవు నవ్వుతుంది."

ఆ ఏడు కోతలు ఆలస్యమయ్యాయి. అందుచేత ఆట వెనకకు జరిగి అక్టోబరు చివరి ఆదివారం నాడు పడింది. ఆ ఆదివారం తెల్లవారుజామునే ఆల్బర్టా ప్రభుత్వం తన ప్రజల గడియారాలను ఒక గంట వెనకకు తిప్పించింది. సస్కాచువాన్ ప్రభుత్వం ఇటువంటి చేష్టలకు పాల్పడదు. వేసవి అంతా ఊరి రెండు భాగాలకూ ఒకే సమయం. ఆ ఉదయం నుండి మాత్రం తూర్పున మూడైతే పడమర రెండు. ఈ మార్పు కొత్తగా వచ్చినది. అప్పటివరకు ఆట ఎప్పుడూ ఆ రోజున పడలేదు.

మా నిబంధనావళిలో ఒక నియమం ఉంది. ఇరుపక్షాలకూ ఒకరి చేతి గడియారం మీద మరొకరికి నమ్మకం లేనందున పెద్దలు దానిని చేర్చారు. మైదానం తూర్పు సగంలో జరిగిన ప్రతి సంఘటననూ తూర్పు సమయపాలకుడు, పడమటి సగంలో జరిగినదానిని పడమటి సమయపాలకుడు, తమ తమ గడియారాలను బట్టి నమోదు చేయాలి. అదే తుది ప్రమాణం. తూర్పు సమయపాలకురాలు తపాలా కార్యాలయం నడిపే శ్రీమతి ఫిలోమెనా గోత్యే. ఆమె వితంతువు, మాటకు నిక్కచ్చి. పడమటివాడు క్షురకుడు డూగల్ మక్రే.

ఇక ఆట. మాది బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఫుట్‌బాల్; తమకు కేటాయించిన కొసకు బంతిని చేరిస్తే టచ్‌డౌన్ అనే స్కోరు. చివరి భాగం వచ్చేసరికి స్కోరు సమంగా ఉంది. జట్లు వైపులు మార్చుకున్నాయి కనుక, తూర్పువాళ్ళు తూర్పు కొసకే బంతిని చేర్చాలి, పడమటివాళ్ళు పడమటి కొసకు. కాసేపటికి అల్విన్ బంతితో, తనను పట్టుకు వేలాడుతున్న ఇద్దరిని భుజాల మీద మోసుకుంటూ తూర్పు కొసలో పడ్డాడు. టచ్‌డౌన్. ఫిలోమెనా తన గడియారం చూసి మూడూ ఇరవై అని నమోదు చేసింది.

ఎదుటివారికి స్కోరు ఇచ్చుకున్న జట్టుకు ఆ తరువాత ఒక హక్కు వస్తుంది. బంతిని తామే తన్ని ఆటను తిరిగి మొదలుపెట్టవచ్చు, లేదా అవతలివారిని తన్నమని, తాము అందుకోవచ్చు. కెల్విన్ అందుకుంటామన్నాడు. తూర్పువాళ్ళు పడమటి సగంలోకి వెళ్ళి, తమ ముప్పై అయిదు గజాల గీత మీద బంతిని నిలిపి తన్నారు. డూగల్ తన గడియారం చూసి రెండూ ఇరవై మూడు అని నమోదు చేశాడు. గాలిలో తిరుగుతూ వచ్చిన ఆ బంతిని కెల్విన్ తూర్పు సగంలో అందుకుని పరుగెత్తాడు. అతడు అంత వేగంగా పరుగెత్తడం అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ ఎవరూ చూడలేదు. సరిహద్దు దాటాడు, అందరినీ దాటాడు, పడమటి కొసలో బోర్లా పడ్డాడు. టచ్‌డౌన్. రెండూ ఇరవై నాలుగు. స్కోరు మళ్ళీ సమం. ఆట ముగియడానికి ఇక కొద్ది నిమిషాలే మిగిలాయి.

అప్పుడు ఫిలోమెనా చేయి పైకెత్తింది.

"ఏమోస్ గారూ, ఒక్క మాట. మా టచ్‌డౌన్ మూడూ ఇరవైకి అయింది. దాని తర్వాత వేసిన కిక్ రెండూ ఇరవై మూడుకి ఎలా పడుతుందండీ?"

రిఫరీ ఏమోస్ ఫ్రీసెన్ నెమ్మదస్తుడు. ఆయన రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తరువాత ఆకాశం వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు.

అల్విన్ ఒక్క ఉదుటున వచ్చాడు. "అద్గదీ! స్కోరు కాకముందే కిక్ ఎక్కడిదండీ? ఆ కిక్ చెల్లదు. దాన్ని పట్టుకుని వీడు పరిగెత్తిన పరుగూ చెల్లదు. మళ్ళీ తన్నాల్సిందే."

"ఓహో, గడియారమే ప్రమాణమా బావా?" అన్నాడు కెల్విన్ రొప్పుతూ. "అలాగే కానీ. నా టచ్‌డౌన్ రెండూ ఇరవై నాలుగు. నీది మూడూ ఇరవై. అంటే ముందు నేను కొట్టా, తర్వాత నువ్వు కొట్టావు. చివరి స్కోరు నీది. స్కోరు ఇచ్చుకున్నది మేము. కాబట్టి ఇప్పుడు ఎంచుకునే హక్కు మాది. బంతి మేమే అందుకుంటాం, మీరు తన్నండి."

అల్విన్ వెంటనే మాట మార్చాడు. "గడియారం సంగతి పక్కన పెట్టరా. కళ్ళు లేవూ? ఇంతమంది చూశారు. నువ్వే కదా చివర కొట్టింది! హక్కు మాది."

"ఇందాక కళ్ళు ఎక్కడికి పోయాయి?"

"ఇందాక సంగతి ఇందాక!"

చదువరులు ఈ సందర్భంలోని సారాన్ని గ్రహించాలి. మిగిలిన కొద్ది నిమిషాలలో ఆట బంతి దొరికినవారిది. బంతి చివరిగా స్కోరు ఇచ్చుకున్నవారిది. చివరి స్కోరు కంటికి పడమటివారిది, గడియారానికి తూర్పువారిది. కనుక ప్రతి పక్షమూ చివరి స్కోరు ఎదుటివారిదేనని, స్కోరు ఇచ్చుకున్నది తామేనని చేతులు జోడించి వేడుకుంటున్నది. నా ముప్పై ఏళ్ళ అనుభవంలో స్కోరును కాదనుకునే ఆటగాళ్ళను చూడడం అదే మొదలు. "అబ్బే, మాదేం గొప్ప? చివర కొట్టింది మీరే" అని ఒకరు, "అంత మాట అనకండి, మీ తర్వాతే మేము" అని మరొకరు. చీకటి పడింది. ఆట ముగింపు ఈల ఊదకుండానే ఏమోస్ ఇంటికి వెళ్ళిపోయాడు. బంతిని స్కోరు చేసినవాడు భద్రపరచాలన్నది మా ఆచారం గనుక, దానిని కెల్విన్ ఇంటికి తీసుకుపోయాడు. బండి సరిహద్దు రాయి దగ్గరే టార్పాలిన్ కప్పుకుని నిలిచిపోయింది.

సంఘం మొదటి సమావేశాన్ని సంఘభవనంలో ఏడు గంటలకు ఏర్పాటు చేశాను. తూర్పు సభ్యులు ఏడింటికి వచ్చారు. పడమటివారెవరూ రాలేదు. హాజరైనవారు క్యాబేజీ ఆకుల్లో చుట్టి వండిన మాంసపు ముద్దలు ఆరగించి, కన్నే ప్రమాణమని ఏకగ్రీవంగా తీర్మానించి ఇళ్ళకు పోయారు. వారి కాఫీ కప్పులు కడుగుతూ ఉండగానే పడమటి సభ్యులు తమ గడియారం ప్రకారం సరిగ్గా ఏడింటికి వచ్చారు. వారు మిగిలిన ముద్దలు ఆరగించి, గడియారమే ప్రమాణమని ఏకగ్రీవంగా తీర్మానించారు. నేను రెండు సమావేశాలకూ అధ్యక్షత వహించాను. రెండు తీర్మానాలూ ఒకే దినాన ఒకే గంటకు ఆమోదం పొందినవి. ఏది ముందో తేల్చడానికి మరొక సమావేశం అవసరమైంది.

ఆ సమావేశానికి అందరూ కలిసి వచ్చారు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఇరుపక్షాలూ వారం రోజులపాటు ఇంట్లో కూర్చుని ఎదుటివారి వాదాన్నే ఆలోచించి, అందులోని న్యాయాన్ని గుర్తించాయి. తూర్పువారు గడియారం పక్షాన నిలిచి, ఆ కిక్ చెల్లదు గనుక తామే ముందున్నామన్నారు. పడమటివారు కంటి పక్షాన నిలిచి, కిక్ చెల్లుతుందన్నారు. అరగంట గడిచాక ఇరువురికీ తాము తమకే వ్యతిరేకంగా మాట్లాడుతున్నామన్న అనుమానం కలిగి, కాఫీ విరామంలో మళ్ళీ స్థానాలు మార్చుకున్నారు.

కెల్విన్ ఒక్కడే కాఫీ ముట్టలేదు.

"మాస్టారూ," అన్నాడు నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి. "మేం ఓడిపోయామని రాసెయ్యండి."

"ఏమిటయ్యా?"

"తూర్పువాళ్ళు గెలిస్తే బండి ముందు వాళ్ళ వైపు పోతుంది. పోనీండి. సాయంత్రానికైనా మా వైపు వస్తుందిగా. ఇప్పుడు అసలు ఎటూ కదలదు. జనవరి వచ్చేస్తోంది. ఆవిడ రాత్రిళ్ళు లేచి కిటికీలోంచి దారి చూస్తోందండీ."

నేను నిబంధనావళి తిరగవేసి చూశాను. ఓటమిని అంగీకరించే అధికారం జట్టు మొత్తానికి ఉన్నది గానీ కెప్టెన్ ఒక్కడికి లేదు. జట్టును అడిగాను. డూగల్ మక్రే లేచాడు.

"మా కెప్టెన్ మంచోడు. మంచోడి మాట వినకూడదని మేమంతా అనుకున్నాం. న్యాయంగా గెలవాల్సిన ఆటని పెళ్ళాం కోసం వదులుకుంటాడా? డార్లీన్‌కి తెలిస్తే చీపురు తిరగేస్తది!"

అందరూ నవ్వారు. అల్విన్ నవ్వలేదు. కెల్విన్ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

నవంబరు, డిసెంబరు నెలలలో చర్చ సాగుతూనే ఉంది. మధ్యగీత మీద బంతి పడితే ఏ సమయం వర్తిస్తుందన్న ఉపప్రశ్నకు ఒక ఉపసంఘం ఏర్పడింది. బంతి గాలిలో సరిహద్దు దాటే క్షణంలో దాని వయసు ఒక గంట తగ్గుతుందా అని ఫిలోమెనా అడిగింది. తగ్గదని డూగల్, తగ్గుతుందని అతని అన్నగారు. ఇద్దరూ క్రిస్మస్ విందుకు కూడా మాట్లాడుకోలేదు. క్రిస్మస్ దాకా మంచు తేలికగానే కురిసింది. జనం పారలతో నెట్టుకొచ్చారు. అదే మా దురదృష్టమని ఇప్పుడనిపిస్తుంది. అవసరం లేనంతవరకు వాదన రుచిగా ఉంటుంది.

జనవరిలో తుఫాను వచ్చింది. మూడు పగళ్ళు ఎదుటి ఇల్లు కనబడలేదు. నాలుగవనాటి ఉదయం గాలి నిలిచింది. ఉమ్మి నేలను తాకేలోపే గడ్డకట్టే చలి. మా ఊరిలో ఒకే టెలిఫోను తీగ మీద పది ఇళ్ళుండేవి. ఒకరికి ఫోను వస్తే మిగిలినవారు వినడం మర్యాద కాదు, కానీ రివాజు. ఆ ఉదయం కెల్విన్ నాకు ఫోను చేశాడు. కనుక ఊరంతటికీ చేసినట్లే.

"మాస్టారూ, నొప్పులు మొదలయ్యాయండి. దారి లేదు. తలుపు తీస్తే గోడలా ఉంది మంచు. నేను పారతో తవ్వుతున్నా, సాయంత్రానికి గేటు దాకా కూడా..."

అంతలో తీగ మీద మరొక గొంతు వినవచ్చింది. "డార్లీన్‌ని పడుకోబెట్టు. పార పక్కన పడెయ్ వెధవా, నీకు గుండె ఆగితే దాన్నెవడు చూస్తాడు? నేనొస్తున్నా." అది అల్విన్ గొంతు.

గంట తిరగకముందే సంఘభవనం నిండిపోయింది. కొందరు మంచుమీద నడిచే వెడల్పాటి చెప్పులతో, కొందరు నడుములోతున ఈదుకుంటూ వచ్చారు. అల్విన్ కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది.

"మాస్టారూ, బండి తాళం ఇవ్వండి."

"ఇస్తాను. కానీ ఆట ముగిసేవరకు బండి కదలరాదు గదా, అల్విన్?"

"మా చెల్లెలండీ!"

"నాకు తెలియదనుకున్నావా? ఆమెకు నేనే అక్షరాలు దిద్దించాను. కూర్చో. నిబంధనను తెంచడం ఎవరికైనా చేతనవును. అందులోంచి దారి తీయడానికే సంఘం."

ఆ రోజున నేను చదివినంత వేగంగా నిబంధనావళిని ఎవరూ చదివి ఉండరు. పదకొండవ నియమం దగ్గర నా వేలు ఆగింది. దానిని అందరికీ వినబడేటట్లు చదివాను: "నడుమ ఆగిన ఆటను, ఆగినప్పటి బంతితోనే తిరిగి మొదలుపెట్టవలెను. అందుకు అవసరమైన సామగ్రిని తెచ్చుటకు సంఘము ఊరి ఆస్తిని దేనినైనను వినియోగించవచ్చును."

తరువాత అల్విన్ లేచి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి సభామర్యాద ప్రకారం మాట్లాడాడు.

"అధ్యక్షా! ఆగిపోయిన ఆటని ఇవాళే, ఇప్పుడే మొదలెట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను."

"బలపరుస్తున్నా," అంది ఫిలోమెనా.

"ఇవాళ ఏ టైం ప్రకారం?" అని వెనక నుండి డూగల్ అన్నగారు అడిగాడు. ఆయన భార్య ఆయన కాలు తొక్కింది.

"బంతి ఎక్కడుంది?" అని అడిగాను, జవాబు తెలిసినా. పద్ధతి పద్ధతే.

"కెల్విన్ ఇంట్లో!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"అయితే బంతిని తేవడానికి బండి వెళ్ళాలి. అనుకూలురు చేతులెత్తండి."

చేతులు లేచాయి. తూర్పు చేతులు ఏవో పడమటి చేతులు ఏవో ఆ నిమిషాన నాకు గుర్తుపట్టడం సాధ్యం కాలేదు. అన్నీ ఊలు తొడుగులలోనే ఉన్నాయి.

బండిని అల్విన్ నడిపాడు. రిఫరీ ఏమోస్ మెడలో ఈల వేసుకుని పక్కన కూర్చున్నాడు. ఆట మొదలుకాబోతున్నప్పుడు రిఫరీ బంతికి దూరంగా ఉండరాదు. అధ్యక్షుడిగా నేను వెనక మెట్టు మీద నిలబడ్డాను. ఇరవై మంది పారలు పుచ్చుకుని వెంట నడిచారు. బండి మంచును రెండు వైపులా కోటగోడల్లా ఎగజిమ్ముతూ, దారి ఎక్కడుందో టెలిఫోను స్తంభాలను బట్టి అంచనా కట్టుకుంటూ, మధ్యాహ్నానికి కెల్విన్ ఇంటికి చేరింది.

డార్లీన్ రెండు దుప్పట్లు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల్లో బంతి ఉంది.

"వచ్చారా పెద్దమనుషులు? అన్నయ్యా, ముందు నన్ను ఎక్కించు. అరుచుకోవడం తర్వాత."

ఏమోస్ బండి దిగి, మర్యాదగా చేయి చాపాడు. "అమ్మాయీ, ఆ బంతి ఇటిచ్చేస్తే, మేం ఆట..."

"ఏమోస్ బాబాయ్, నొప్పి వచ్చినప్పుడు పిసకడానికి ఇంట్లో ఇంతకన్నా గట్టి వస్తువు లేదు. ఇవ్వను. ఆసుపత్రిలో ఇస్తా. అక్కడిదాకా కావాలంటే నా వెనకే రండి."

ఏమోస్ నా వైపు చూశాడు. నేను ఆలోచించాను. బంతిని తేవడానికి బండి వచ్చింది. బంతి ఆమె చేతిలో ఉంది. ఆమె పెద్దరోడ్డు వైపు పోతున్నది. కనుక బండి పెద్దరోడ్డు వైపు పోవడం తప్పనిసరి. ఇంతటి స్వచ్ఛమైన తర్కం ఆ చలికాలమంతటిలోనూ నాకు తటస్థపడలేదు.

"బంతి వెంట పదండి," అన్నాను.

కెల్విన్ కారు ఇంజను గడ్డకట్టకుండా తెల్లవార్లూ కరెంటు తీగ తగిలించి ఉంచాడు గనుక అది ఒక్క పిలుపుకే పలికింది. బండి ముందు, కారు వెనక. పెద్దరోడ్డు ఎక్కే చోట అల్విన్ బండిని పక్కకు తీసి కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఒరేయ్ బావా! నువ్వు మెల్లగా పో. అక్టోబరులో పరిగెత్తినట్టు పరిగెత్తకు!"

"ఆ పరుగు చెల్లదన్నావుగా?" అని కారులోంచి కెల్విన్ కేక వేశాడు.

"చెల్లుతుంది, చెల్లుతుంది! పోవయ్యా!"

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని అదే టెలిఫోను తీగ మీద పది ఇళ్ళూ ఒకేసారి విన్నాయి.

బంతి తిరిగి వచ్చింది. ఇక ఆటను మొదలుపెట్టక తప్పదని ఏమోస్ బూట్లు వేసుకున్నాడు. కానీ మరుసటి వారం మళ్ళీ మంచు కురిసింది. ఆ సాయంత్రం ఫిలోమెనా నా ఇంటికి వచ్చింది. ఆమె ఇల్లు తూర్పు దారిలో కొసన ఉంటుంది.

"మాస్టారూ, ఆ బంతిని ఈ వారం మా ఇంట్లో పెట్టుకోనా?"

"ఎందుకమ్మా?"

"కెల్విన్ దగ్గర రెండు నెలల పైనే ఉంది. తూర్పు సాక్షిని నేను. నా దగ్గరా కొన్నాళ్ళుండాలి కదా." కిటికీ వైపు చూస్తూ మళ్ళీ అంది: "ఇల్లు వెచ్చబెట్టే పొయ్యిలోకి నూనె అడుగంటింది. నూనె లారీవాడు మా సందులోకి రానంటున్నాడు."

బంతిని ఆమెకు అప్పగించాము. మరునాడు ఉదయం ఆటను మొదలుపెట్టడం కోసం బంతిని తెచ్చుటకు బండి తూర్పు కొసకు వెళ్ళింది. దారి తీసింది. బంతిని తెచ్చింది. వెనకనే నూనె లారీ వెళ్ళింది. ఏమోస్ బంతిని చేతిలోకి తీసుకుని, ఎంచుకునే హక్కు ఎవరిదో చెప్పమని అడిగాడు. అల్విన్ లేచి అభ్యంతరం తెలిపాడు. కెల్విన్ ఆ అభ్యంతరానికి అభ్యంతరం తెలిపాడు. ఇద్దరి ముఖాలూ ఎంతో గంభీరంగా ఉన్నాయి. ఆట వాయిదా పడింది. బంతి నడుము విరిగిన పాత పాలవాడి ఇంటికి పోయింది. అక్కడి నుండి కవలలున్న ఇంటికి. అక్కడి నుండి ముసలి పాస్టరు ఇంటికి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. సంఘం మాత్రం ప్రతి వారమూ సక్రమంగా సమావేశమైంది.

ఒక్కసారి మాత్రం ప్రమాదం ముంచుకొచ్చింది. మార్చిలో, ఇంకా మంచు వీడకముందే, డూగల్ మక్రేకు ఏమి తోచిందో, నిలబడి అన్నాడు: "ఇన్ని మాటలెందుకండీ? ఓ నాణెం ఎగరేస్తే పోలా? బొమ్మ పడితే వాళ్ళది, బొరుసు పడితే మనది."

అందరూ కిటికీలోంచి మంచు వైపు చూశారు. నిబంధనావళిలో నాణేనికి అడ్డు చెప్పే మాట ఒక్కటీ లేదు. నేను రెండుసార్లు వెతికాను. కెల్విన్ ఒడిలో పాప మాత్రం హాయిగా నిద్రపోతున్నది.

అల్విన్ గొంతు సవరించుకున్నాడు. "ఎగరేయొచ్చు. కానీ పైన ఉన్నప్పుడు అది ఏ రాష్ట్రంలో ఉంటుందో ముందు తేల్చాలి."

"నిజమే," అన్నాడు కెల్విన్ వెంటనే. "అది తేలకుండా ఎలా ఎగరేస్తాం?"

"ఉపసంఘం వెయ్యాలి," అంది ఫిలోమెనా.

ఉపసంఘం వేశాము. డూగల్‌నే దానికి అధ్యక్షుడిని చేశాము. అతడు ఆ గౌరవానికి పొంగిపోయి మరి మాట్లాడలేదు.

చివరి స్కోరు ఎవరిదన్న ప్రశ్న ఈనాటికీ హెల్మర్‌లో తేలలేదు. సంఘం ముందు అది సజీవంగానే ఉంది. నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఇరువైపులా వాదాలు అప్పటికంటే ఇప్పుడు పదునెక్కాయి. కానీ మంచు పడిన రాత్రి బంతి ఎవరింట ఉండాలన్నది నిర్ణయించడానికి మాత్రం మాకు ఒక కప్పు కాఫీ చల్లారేంతసేపు కూడా ఏనాడూ పట్టలేదు.